కొత్త ఫ్లాట్‌కి లైట్లు కొనే ముందు ఈ డిజైనర్ల పని ఒకసారి చూడండి

బెంగళూరులో వర్తూరు దగ్గర మా ఫ్లాట్ తాళాలు చేతికొచ్చిన వారానికే ఇంటీరియర్ వాళ్లు ఒక డ్రాయింగు తెచ్చి ముందు పరిచారు. హాలు ఫాల్స్ సీలింగులో 16 గుండ్రటి డౌన్‌లైట్లు, చుట్టూ రంగులు మారే స్ట్రిప్ లైటు, మధ్యలో ఫ్యాను. సరే అన్నాం, డబ్బు కట్టేశాం, గృహప్రవేశం నాడు వచ్చినవాళ్లంతా బాగుందన్నారు. రెండు నెలలు గడిచాక చూస్తే సాయంత్రం ఏడు దాటితే హాల్లో ఎవరూ ఉండటం లేదు. పిల్లాడు పుస్తకం పట్టుకుని బెడ్‌రూములోకి వెళ్లిపోతున్నాడు, అత్తమ్మ కూరగాయల పళ్లెం తీసుకుని బాల్కనీలోకి పోతోంది. ఏం అత్తమ్మా అని అడిగితే "ఆ లైట్ల కింద కూచుంటే నుదురు లాగుతాందమ్మా" అంది. అప్పుడు నేను సోఫాలో వెనక్కి వాలి పైకి చూశాను. 16 బల్బులూ తిన్నగా నా కళ్లలోకే పడుతున్నాయి.

అప్పటినుంచి నాలుగేళ్లుగా లైట్ల గురించి చదువుతున్నాను, ఇంట్లో మార్చి చూస్తున్నాను, మార్చినవాటిలో కొన్ని మళ్లీ మారుస్తున్నాను. బెంగళూరులో కొత్తగా ఇల్లు కొనుక్కున్న మనవాళ్ల ఇళ్లకి ఎక్కడికెళ్లినా అదే డ్రాయింగు, అవే లైట్లు కనిపిస్తున్నాయి కాబట్టి కూర్చుని ఇది రాస్తున్నాను. పేరున్న డిజైనర్ లైట్లు చాలావాటి ధర మనం అందుకోలేం. కానీ అవి చేసినవాళ్లు ఒక్కొక్కరూ ఒక్కో ఇబ్బంది పట్టుకుని ఏళ్ల తరబడి దాని మీద పనిచేశారు, ఆ ఇబ్బందులే మన ఇళ్లలోనూ ఉన్నాయి, వాళ్లు కనిపెట్టిన ఉపాయం తెలిస్తే ఇక్కడి కరెంటు సామాన్ల బజారైన ఎస్‌జేపీ రోడ్డులో కొన్న మామూలు లైటుతో కూడా ఆ పని చాలావరకు అయిపోతుంది.

బల్బు కళ్లలో పడకుండా

ఈ ఒక్క ఇబ్బంది మీదే దాదాపు జీవితమంతా పనిచేసిన మనిషి డెన్మార్క్‌కి చెందిన పౌల్ హెన్నింగ్‌సెన్. 1894లో పుట్టాడు. కిరసనాయిలు దీపం మెత్తటి వెలుగు తెలిసిన తరం అది. కరెంటు బల్బు వచ్చాక వెలుగైతే పెరిగింది గానీ దానివైపు చూడలేని పరిస్థితి. షేడు కప్పితే బల్బు దాగుతుంది, దాంతోపాటే వెలుగూ సగం పోతుంది. 1920లలో అతను తయారుచేసిన పద్ధతి మూడు షేడ్లది: పైన పెద్దది, దానికింద ఇంకొంచెం చిన్నది, అన్నిటికన్నా కింద బాగా చిన్నది. షేడ్ల వంపుకి లాగరిథమిక్ స్పైరల్ అనే లెక్క వాడాడు. బల్బు నుంచి వచ్చే కిరణం షేడు మీద ఎక్కడ తగిలినా ఒకే కోణంలో తగిలేలా ఆ వంపు చూసుకుంటుంది, అందుకే షేడు ఒకచోట తెల్లగా మండుతూ ఇంకోచోట నల్లగా ఉండదు, అంతా సమంగా పరుచుకుంటుంది. 1958లో లూయీ పౌల్‌సెన్ కంపెనీకి చేసిన పీహెచ్ 5 అనే లైటు ఈ వరసలో అందరికీ తెలిసినది. పెద్ద షేడు అడ్డం 50 సెంటీమీటర్లు, పేరులో ఆ 5 అక్కడిదే. బల్బు కంపెనీలు ఊరికే బల్బుల సైజులు మారుస్తూ ఉంటే విసిగిపోయి, ఏ బల్బు పెట్టినా కళ్లకు తగలకుండా ఉండాలని దాన్ని గీశాడు. అదే ఏడాది కోపెన్‌హాగెన్‌లోని లాంగెలీనియే పెవిలియన్ రెస్టారెంటు కోసం ఆర్టిచోక్ అనే పెద్ద లైటు చేశాడు, అందులో 12 వరసల్లో 72 రేకులు, చుట్టూ ఎక్కడ నిలబడి చూసినా లోపలి బల్బు కనపడదు.

ఇక మన ఇంటి సంగతి. షోరూములో లైట్లన్నీ తల పైన ఎక్కడో వేలాడుతుంటాయి, మనం నిలబడి చూసి కొనేస్తాం, ఇంటికొచ్చాక కూర్చుంటాం. కాబట్టి షోరూములో స్టూలు అడిగి కూర్చోండి. కుర్చీలో కూర్చున్నప్పుడు మన కళ్లు నేలకి దాదాపు నాలుగడుగుల ఎత్తులో ఉంటాయి. ఆ లైటుని మీ ఇంట్లో వేలాడదీసే ఎత్తుకి దింపమని అడిగి, కూర్చుని ఒకసారి, నిలబడి ఒకసారి చూడండి. రెండుసార్లలో ఏ ఒక్కసారి బల్బు కనిపించినా, లోపలి ఎల్ఈడీ చుక్క కనిపించినా దాన్ని వదిలేయండి. ఆకారం ఎంత బాగున్నా సరే. లోపల బల్బు బయటికి కనపడే ఆ గాజు గోళాలు, ఫిలమెంట్ బల్బులు కేఫ్‌లో అరగంట బాగుంటాయి, రోజూ భోంచేసే చోట నేనైతే పెట్టను.

డౌన్‌లైట్లు ఎలాగూ పెట్టించుకుంటారు కాబట్టి వాటి గురించి. ఎల్ఈడీ అంచుకి సమానంగా ఉండే పలకలాంటి రకం వద్దు. లోపలికి రెండంగుళాలు దిగి ఉండే రకం అడగండి, షాపుల్లో డీప్ రీసెస్ అనో యాంటీ గ్లేర్ అనో అంటారు, సోఫాలోంచి చూస్తే వెలుగుతోందో లేదో కూడా తెలియదు. వాటిని గది మధ్యలో వరసలుగా కాకుండా గోడకి అడుగున్నర దూరంలో పెట్టించండి. గది వెలుతురుగా ఉందా లేదా అన్నది మన కళ్లు ఎక్కువగా గోడలను చూసే తేల్చుకుంటాయి. గోడ వెలిగితే గదంతా వెలిగినట్టే ఉంటుంది. మా హాల్లో 10 తీయించి రంధ్రాలు జిప్సంతో మూయించాను, గోడల వెంట 6 మిగిలాయి, అయినా మునుపటికంటే చీకటిగా ఉందని ఇంతవరకు ఎవరూ అనలేదు.

వంటింట్లో నీడ

హాలుకంటే ముందు వంటిల్లు సరిచేయండి, ఎందుకంటే అక్కడ కత్తి ఉంటుంది, పొయ్యి ఉంటుంది. మన వంటిళ్లలో ట్యూబ్‌లైటో ప్యానెలో సీలింగు మధ్యలో ఉంటుంది, గట్టు గోడవారన ఉంటుంది, మనిషి ఆ రెంటి మధ్యలో నిలబడుతుంది. ఒకరోజు అత్తమ్మ గట్టు మీద పళ్లెంలో కందిపప్పు పోసుకుని రాళ్లు ఏరుతుంటే పక్కన నిలబడి చూశాను. ఆమె తల నీడ సరిగ్గా పళ్లెం మీద పడుతోంది. పళ్లాన్ని ఎడమకి జరుపుతుంది, నీడ కొంచెం తప్పుకుంటుంది, ఏరడానికి వంగగానే మళ్లీ వచ్చి పడుతుంది. వేలితో పప్పుని ఒక పక్కకి నెట్టి, తల వెనక్కి తీసి చూసి, మళ్లీ వంగి తీస్తోంది. ఎన్నేళ్లుగా అలా చేస్తోందో! ఇంట్లో రోజుకి మూడుసార్లు జరిగే పని అది, ఆ 16 లైట్ల డ్రాయింగులో దానికి ఒక్క గీత కూడా లేదు.

దీనికి మందు తేలిక. పై అల్మరాల అడుగున స్ట్రిప్ లైటు, ప్రొఫైల్ అనే అల్యూమినియం గాడిలో, పైన వెలుగుని పరిచే పాలరంగు మూత, డిఫ్యూజర్‌తో. దాన్ని గోడవైపు అంచున పెట్టేస్తుంటారు, అలా పెడితే టైల్స్ మెరుస్తాయి తప్ప గట్టు ముందుభాగం మసగ్గానే ఉంటుంది. మనవైపు అంచుకి దగ్గరగా పెట్టించండి, అల్మరా తలుపు అంచే దాన్ని కళ్లకు కనపడకుండా దాచేస్తుంది. ఇంకోటి, మన గట్లు ఎక్కువగా పాలిష్ పెట్టిన నల్ల గ్రానైటు, అద్దంతో సమానం. డిఫ్యూజర్ లేకపోతే ఎల్ఈడీ చుక్కలన్నీ వరసగా గ్రానైట్‌లో కనిపించి కళ్లకు గుచ్చుకుంటాయి. మీటరుకి 120 ఎల్ఈడీలు ఉన్న స్ట్రిప్పు అడగండి, చుక్కలు విడివిడిగా తెలియవు. స్ట్రిప్పుకి కరెంటు మార్చి ఇచ్చే చిన్న డబ్బాని డ్రైవర్ అంటారు, దాన్ని పొయ్యి పైన వేడి తగిలే చోట కాకుండా, పాడైతే చెయ్యి పెట్టి తీయగలిగే చోట బిగించమనండి.

భోజనాల టేబుల్, ఫ్యాను, ఆర్కో

డైనింగ్ టేబుల్ పైన వేలాడే లైటు టేబుల్ పలక నుంచి 60 నుంచి 75 సెంటీమీటర్ల ఎత్తులో ఉండాలి, అంటే రెండు, రెండున్నర అడుగులు. చాలా ఇళ్లలో నాలుగడుగుల పైన ఉంటుంది, తల తగులుతుందేమోనని. టేబుల్ అక్కడే ఉన్నంతకాలం ఎవరి తలా తగలదు. కిందికి దింపితే వెలుగు అన్నం మీద, కూర మీద, ఎదుటి మనిషి చేతుల మీద పడుతుంది, మొహాలు ఆ వెలుగు తిరిగొచ్చి మెత్తగా కనిపిస్తాయి.

చిక్కంతా ఫ్యానుతో. విదేశీ పుస్తకాల్లో ఈ ఫ్యాను ఉండదు, మనకు లేకపోతే గడవదు. రెక్కల పైన లైటుంటే గదంతా నీడలు గిరగిరా తిరుగుతాయి, ఐదు నిమిషాల్లో తలనొప్పి. లైట్లు ఏవైనా రెక్క చివర నుంచి కనీసం రెండడుగులు అవతల ఉండాలి, ఇంకా దూరమైతే ఇంకా మంచిది. తేలికపాటి లైటుని ఫ్యానుకి దగ్గర్లో వైరుతో వేలాడదీస్తే గాలికి ఊగుతూ ఉంటుంది, అలాంటి చోట వైరు బదులు సన్నటి రాడ్డు ఉన్న లైటు తీసుకోండి. ఒకవేళ టేబుల్ పైన పాయింటే లేకపోతే? టేబుల్‌ని పాయింటు కిందకి జరపొచ్చు, లేదా పాయింటు నుంచి పొడుగు వైరు తీసి టేబుల్ పైన ఒక కొక్కెం కొట్టి దానిమీదుగా దింపొచ్చు. వైరు కొంచెం వంపుగా కనిపిస్తుంది, ఫర్వాలేదు.

అద్దె ఇంట్లో ఉన్నవాళ్లకి ఆ కొక్కెం కూడా కష్టమే, ఖాళీ చేసేటప్పుడు ఓనరు ప్రతి రంధ్రానికీ అడ్వాన్సులో కోస్తాడు. సీలింగు జోలికి పోకుండా టేబుల్ మీదకి వెలుగు ఎలా తేవాలి అన్నది ఇటలీలో అన్నదమ్ములిద్దరు, అకీలె కాస్తిల్యోని, పియెర్ జాకొమొ కాస్తిల్యోని, 1962లో వేసుకున్న ప్రశ్న. వీధి దీపాన్ని చూడండి, స్తంభం ఒకచోట ఉంటుంది, వెలుగు ఇంకోచోట పడుతుంది. దాన్నే ఇంట్లోకి తెచ్చారు. అదే ఆర్కో, ఫ్లోస్ కంపెనీ చేస్తుంది. స్టీలు కొమ్మ దాదాపు ఎనిమిదడుగుల ఎత్తుకి లేచి, ఏడడుగుల అవతలికి వంగి, టేబుల్ మీదకి దిగుతుంది. అంత పొడుగు కొమ్మ పడిపోకుండా అడుగున దాదాపు 65 కిలోల కరారా పాలరాయి. ఆ రాయికి ఒక రంధ్రం ఉంటుంది, చాలామంది అలంకారం అనుకుంటారు. అందులో చీపురు కర్ర దూర్చి ఇద్దరు మనుషులు చెరో పక్క పట్టుకుని ఎత్తడానికి అది. రాయి మూలలు గుండ్రంగా తీశారు, కాలికి తగిలితే దెబ్బ తగలకుండా. నాకు ఆ లైటు మొత్తంలో అన్నిటికన్నా ఇష్టమైనది ఆ రంధ్రమే, ఇల్లు తుడిచేటప్పుడు దీన్ని ఎవరు ఎత్తుతారు, ఎలా ఎత్తుతారు అని కూడా ఆలోచించి గీశారు.

అసలు ఆర్కో లక్షల్లో ఉంటుంది. దాని నకళ్లు మన దగ్గర చాలా షాపుల్లో, ఆన్‌లైన్లో దొరుకుతాయి, మొదట తగ్గించేది రాయినే. కొమ్మ అంతే పొడుగు, అడుగు మాత్రం 15 కిలోలు. పిల్లలున్న ఇంట్లో అది ప్రమాదం. ఎవరైనా కొనాలనుకుంటే షాపులోనే కొమ్మ చివర పట్టుకుని మెల్లగా కిందికి లాగి చూడండి, అడుగు లేచినట్టు అనిపిస్తే వెనక్కి వచ్చేయండి. ఇంకో సంగతి, కొమ్మ ఎత్తుకీ మీ ఫ్యాను రెక్కల ఎత్తుకీ తేడా టేపుతో కొలుచుకోండి. ఫాల్స్ సీలింగు ఉన్న ఫ్లాట్లలో రెక్కలు నేలకి ఎనిమిదిన్నర అడుగుల దగ్గరే తిరుగుతుంటాయి.

చదువుకునే చోట

పిల్లాడి టేబుల్‌కి, ఇంటి నుంచి పనిచేసే మన టేబుల్‌కి ఒక్కటే సలహా: చెయ్యితో కదిపితే కదిలి, వదిలేస్తే అక్కడే ఆగే లైటు కొనండి. ఇది చేసి చూపించింది లైట్ల డిజైనరు కూడా కాదు, ఇంగ్లండులో కార్ల సస్పెన్షన్ మీద పనిచేసే ఇంజనీరు జార్జ్ కార్వర్డైన్. స్ప్రింగుల బిగువుతో ఒక చేతిని ఏ కోణంలోనైనా నిలబెట్టే పద్ధతి కనిపెట్టి 1932లో పేటెంటు తీసుకున్నాడు. స్ప్రింగులు చేసే హెర్బర్ట్ టెర్రీ కంపెనీ దాన్ని యాంగిల్‌పాయిజ్ పేరుతో తయారుచేసింది, 1935 నాటి 1227 అనే మోడల్ ఆకారాన్నే ఇప్పటికీ ప్రపంచమంతా టేబుల్ లాంపు అంటే గీస్తారు. మన మోచేయి, భుజం ఎలా పనిచేస్తాయో అది అలా పనిచేస్తుంది. 1972లో జర్మన్ డిజైనరు రిచర్డ్ సాపర్ ఇటలీ కంపెనీ ఆర్టెమీడెకి టిజియో చేశాడు, అందులో స్ప్రింగులు లేవు, రెండు చేతులకీ వెనక బరువులు ఉంటాయి, తక్కెడలాగా. బల్బుకి కరెంటు వైరులో కాకుండా తక్కువ వోల్టేజీతో ఆ చేతుల లోహంలోంచే వెళ్తుంది, అందుకే అంత సన్నగా ఉంటుంది.

షాపులో పరీక్ష ఇలా చేయండి. చేతిని పూర్తిగా చాపి, తలని టేబుల్‌కి ఒక అడుగు ఎత్తులో పెట్టి వదిలేయండి. పది లెక్కపెట్టేలోపు మెల్లగా వాలిపోతే ఆరు నెలల్లో పూర్తిగా పడిపోతుంది. మెలికలు తిరిగే గూస్‌నెక్ రకం చవక, కానీ కొన్నాళ్లకి మెడ వదులవుతుంది. కుడిచేత్తో రాసే పిల్లలకి లైటు ఎడమవైపు, ఎడమచేతి వాటం పిల్లలకి కుడివైపు. లైటు వేశాం కదా అని గదిలో మిగతా లైట్లన్నీ ఆర్పేయకండి, పుస్తకం మీద తెల్లటి వెలుగు, చుట్టూ చీకటి ఉంటే కళ్లు ఊరికే అలసిపోతాయి.

పడకగది, మూలలు, గూడు

పడకగదిలో నేను సీలింగు లైటు దాదాపు వేయను. మంచం పక్కన చిన్న లైటు చాలు. ఇటలీ డిజైనరు విక్కో మజిస్ట్రెట్టి 1960ల మధ్యలో చేసిన ఎక్లిస్సె ఉంది చూడండి, ఇటాలియన్లో గ్రహణం అని అర్థం, గుండ్రటి డిప్పలో ఇంకో చిన్న డిప్ప తిరుగుతుంది. వేలితో తిప్పితే లోపలిది బల్బు ముందుకి వచ్చి చంద్రుడు సూర్యుణ్ణి కప్పినట్టు వెలుగుని కప్పేస్తుంది. డిమ్మర్ లేదు, రెగ్యులేటర్ లేదు. 1967లో దానికి కొంపాస్సొ దోరొ అనే ఇటలీ డిజైన్ బహుమతి వచ్చింది. దీని నుంచి మనం తీసుకోవాల్సింది ఆ ఆలోచన: పక్క మనిషి నిద్రపోతుంటే వెలుగు తగ్గించడమే కాదు, అటు పడకుండా తిప్పుకోగలగాలి. గోడకి బిగించి తల తిప్పుకోగలిగే చిన్న రీడింగ్ లైటు రెండు వైపులా పెట్టి, స్విచ్చి పడుకుని అందుకునే చోట ఉంటే చాలు.

మూలన నేల మీద ఒక కాగితం లైటు పెట్టి చూడండి. జపాన్ మూలాలున్న అమెరికన్ శిల్పి ఇసాము నొగుచి 1951లో జపాన్‌లోని గిఫు పట్టణానికి వెళ్లాడు. అక్కడి లాంతర్ల పని పడిపోతోందని, ఏదైనా సాయం చేయమని ఊరి మేయరు అడిగితే వెదురు పుల్లల చుట్టూ వాషి అనే జపాన్ కాగితం అంటించి దీపాలు గీశాడు. వాటికి అకారి అని పేరు పెట్టాడు, వెలుగు అని అర్థం, ఆ మాటలో తేలికదనం కూడా ఉందని అతని ఉద్దేశం. మడిచి చదునైన పెట్టెలో పెట్టేయొచ్చు. అసలైనవి ఇప్పటికీ గిఫులోనే చేతితో చేస్తారు. మనకి అందుబాటు ధరలో మామూలు కాగితపు గుండ్రటి షేడ్లు దొరుకుతాయి, అంత నాణ్యత ఉండదు గానీ కాగితంలోంచి వచ్చే వెలుగుకి దగ్గరగానే ఉంటాయి. లోపల ఎల్ఈడీ బల్బు మాత్రమే పెట్టండి, వేడెక్కే పాత బల్బు వద్దు.

మదనపల్లెలో మా అమ్మమ్మ ఇంట్లో వాకిలి పక్కన గోడలో ఒక గూడు ఉండేది. సాయంత్రం అందులో దీపం పెడితే దీపం సరిగా కనపడేది కాదు, గూటి లోపలి సున్నం గోడ బంగారంలా వెలిగేది, వాకిట్లో నిలబడ్డ మనుషుల మొహాలు తెలిసేవి. హెన్నింగ్‌సెన్ షేడ్ల గురించి చదివినప్పుడు నాకు మొదట గుర్తొచ్చింది ఆ గూడే. మా పూజగదిలో రంగుల సీరియల్ లైట్లు తీసేసి, అరమరలో పైఅంచు వెనక చిన్న పసుపు స్ట్రిప్పు దాచి పెట్టాను. దీపం వెలిగించినప్పుడు దీపమే కనిపిస్తోంది ఇప్పుడు.

బల్బు డబ్బా చదవడం

వాట్లు చూసి కొనే అలవాటు మానేయండి. పాత 60 వాట్ల బల్బు ఇచ్చే వెలుగు సుమారు 800 ల్యూమెన్లు, ఇప్పుడు 9 వాట్ల ఎల్ఈడీ ఆ పని చేస్తుంది. గదికి ఎంత కావాలో తేలిక లెక్క ఉంది: చదరపు మీటరుకి హాల్లో 100 నుంచి 150 ల్యూమెన్లు, వంటగట్టు మీద, చదివే చోట 300కి పైన. 15 అడుగులు, 12 అడుగుల హాలంటే దాదాపు 17 చదరపు మీటర్లు, అంటే 2500 ల్యూమెన్లు. షేడ్లు, గోడలు కొంత మింగేస్తాయి కాబట్టి 3500 పెట్టుకోండి. అంటే 9 వాట్లవి నాలుగైదు. 16 ఎందుకు పెట్టారో ఇప్పటికీ నాకు అర్థం కాదు.

రంగుకి కెల్విన్ అంకె చూడాలి. 2700 అంటే దీపం వెలుగు, 3000 కొంచెం తెలుపు కలిసిన పసుపు, 4000 తెలుపు, 6500 ట్యూబ్‌లైటు నీలం తెలుపు. మనవాళ్లకి తెల్లగా ఉంటేనే లైటు అన్న అలవాటు ఉంది, ఇరవై ఏళ్లు ట్యూబ్‌లైటు కింద బతికాం కదా. నా మాట మీద హాలు, పడకగది 2700 లేదా 3000, వంటగట్టు, చదివే టేబుల్ 4000 పెట్టి ఒక నెల చూడండి. చదివే టేబుల్ లైటు తప్ప, ఒకే గదిలో రెండు రకాలు కలిపితే మాత్రం అసహ్యంగా ఉంటుంది.

మూడోది సీఆర్ఐ, దీన్ని ఎవరూ అడగరు, అడగాల్సింది ఇదే. రంగులు ఎంత నిజంగా కనిపిస్తాయో చెప్పే అంకె, 100కి. తెల్ల ఎల్ఈడీలో నిజానికి ఉండేది నీలం ఎల్ఈడీ, దానిమీద పూసిన ఫాస్ఫర్ అనే పొడి కొంత నీలాన్ని పసుపుగా మార్చి తెలుపు చేస్తుంది. ఆ నీలం ఎల్ఈడీ కనిపెట్టినందుకే శాస్త్రవేత్తలు అకసాకి, అమనొ, నకమురాలకి 2014లో ఫిజిక్స్ నోబెల్ వచ్చింది. చవక బల్బుల్లో ఎరుపు తక్కువగా ఉంటుంది, అందుకే టమాటా వాడినట్టు, మనిషి జ్వరంతో లేచినట్టు కనిపిస్తారు. హెన్నింగ్‌సెన్ పీహెచ్ 5 లోపల ఎరుపు, నీలం రంగులు పూసింది కూడా వెలుగు రంగుని సరిచేయడానికే. సీఆర్ఐ 90 దాటినవి తీసుకోండి. షాపులో ఆ లైటు కింద మీ అరచేయి పెట్టి చూడండి, చర్మం బూడిదరంగులో ఉంటే వద్దు.

ఫోన్ కెమెరాని స్లో మోషన్లో పెట్టి వెలిగే లైటుని తీయండి. నల్లటి చారలు పరిగెడితే ఆ లైటు మిణుకుమంటోందని అర్థం, కంటికి తెలియకపోయినా తలనొప్పికి అది కారణం కావచ్చు. డిమ్మర్ కావాలంటే డబ్బా మీద డిమ్మబుల్ అని ఉన్న బల్బే కొనాలి. ఫ్యాను రెగ్యులేటర్‌కి లైటు కలుపుతానని ఎవరైనా అంటే ఒప్పుకోకండి.

గోడలు పూయకముందే

దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోమన్నారు పెద్దలు, లైట్ల విషయంలో ప్లాస్టరింగు కాకముందే అని చదువుకోవాలి. అప్పుడైతే పాయింటు మార్చడం గంట పని, తర్వాత గోడ పగలగొట్టాలి. పది మీటర్ల వైరుకి ఒక చివర ప్లగ్గు, ఇంకో చివర హోల్డరు బిగించి 9 వాట్ల బల్బు పెట్టుకోండి. చీకటి పడ్డాక ఖాళీ ఫ్లాట్‌కి వెళ్లండి. సోఫా, టేబుల్, మంచం వచ్చే చోట నేల మీద సుద్దతో గీయండి, మీరు కుర్చీలో కూర్చోండి, ఇంకొకరిని కర్రకి కట్టిన బల్బుతో అటూ ఇటూ తిరగమనండి. బల్బు మీద చిన్న వెదురు బుట్ట బోర్లించి చూడండి, చాటకి కొట్టి వెలుగు తిరిగొచ్చేలా చూడండి. ఒక్క సాయంత్రం అలా చేస్తే ఎక్కడ లైటు కావాలో, ఎక్కడ అక్కర్లేదో తెలిసిపోతుంది. తర్వాత ఎలక్ట్రీషియన్‌కి గోడ మీదే గుర్తు పెట్టి చూపించండి. ఒక గదిలో లైట్లన్నీ ఒకే స్విచ్చికి కాకుండా మూడు వేర్వేరు స్విచ్చులకి, పడకగదికి, నడవాకి రెండు చోట్ల నుంచి వేసి ఆర్పగలిగే టూ-వే స్విచ్చులు, సోఫా రెండు వైపులా కింద ప్లగ్ పాయింట్లు. బరువైన లైటు ఏదైనా జిప్సం పలకకి కాకుండా స్లాబులోకి యాంకర్ కొట్టి వేలాడదీయాలి. లోహపు లైటుకి ఎర్త్ వైరు తప్పనిసరి.

కొనడం

బెంగళూరులో ఎస్‌జేపీ రోడ్డు, ఎస్పీ రోడ్డు ఒకరోజు తిరిగితే వైరు, హోల్డరు, ప్రొఫైలు, డ్రైవరు అన్నీ దొరుకుతాయి. 1905లోనే కావేరి మీది శివనసముద్రం జలవిద్యుత్తుతో వీధి దీపాలు వెలిగిన ఊరు ఇది, ఆ సామాన్లు అమ్మే సందుల్లో తిరుగుతుంటే నాకు ఆ మాట ఎప్పుడూ గుర్తొస్తుంది. హోల్డరు రకం చూసుకోండి: మనకి అలవాటైనది నొక్కి తిప్పే బీ22, విదేశీ లైట్లలో ఎక్కువగా ఉండేది మరలాగా బిగించే ఈ27. ఈ27 బల్బులు ఇప్పుడు ఇక్కడా దొరుకుతున్నాయి.

అమెరికా నుంచి లైట్లు తెప్పించుకునేవాళ్లు జాగ్రత్త. మా బావగారు డల్లాస్ నుంచి ముచ్చటగా ఒక టచ్ లాంప్ తెచ్చారు, అడాప్టర్ పెట్టి ప్లగ్గు పెట్టగానే టప్ మని శబ్దం, కాలిన వాసన, అంతే. అక్కడ 120 వోల్టులు, ఇక్కడ 230. అడాప్టర్ పిన్నుల ఆకారాన్ని మారుస్తుంది తప్ప వోల్టేజీని మార్చదు. అడుగున లేబుల్ మీద 100-240 అని ఉంటేనే ప్లగ్గు పెట్టండి. యూరప్ లైట్లకి ఈ బాధ లేదు, అక్కడా 230యే.

మంచి వస్తువు ఒకటి కొనాలనుకుంటే దూరం పోనక్కర్లేదు. బ్రిటిష్ డిజైనరు టామ్ డిక్సన్ పేరున్న బీట్ లైట్లు మన బిందెలు, వంటపాత్రల ఆకారం చూసి గీసినవి, ఉత్తరప్రదేశ్‌లోని మురాదాబాద్ పనివాళ్లు ఇత్తడిని సుత్తితో కొట్టి చేస్తారు. బయట నలుపు, లోపల కొట్టిన గుంటలన్నీ బంగారంలా మెరుస్తాయి. ఇదే బెంగళూరులో జెన్నీ పింటో అరటి నారతో కాగితం తయారుచేసి దీపాలు చేస్తున్నారు, ఆ కాగితంలో నార పోగులు వెలుగులో ఒక్కొక్కటీ కనిపిస్తాయి. 16 డౌన్‌లైట్లకీ, ఫాల్స్ సీలింగుకీ పెట్టే డబ్బులో ఇలాంటిది ఒకటి టేబుల్ పైన పెట్టుకుని, మిగతా ఇంటికి మామూలు లైట్లు దాచి పెట్టుకోవడం నయమని నా నమ్మకం.

కొన్నాక మిగిలేది తుడవడం. పైకి తెరుచుకున్న గిన్నెలాంటి షేడు కొనే ముందు తొలకరి వానని గుర్తుచేసుకోండి, కిటికీ తెరిచి ఉంటే ఒక్క రాత్రిలో ఉసిళ్లు రాలి గిన్నె సగం నిండుతుంది. విప్పి కడగడానికి వీలుందా, ఎత్తులో చెయ్యి అందుతుందా అని కొనేటప్పుడే చూసుకోండి. పసుపు వెలుగుకి తెలుపుకంటే పురుగులు తక్కువ వస్తాయి, బాల్కనీలో అదే పెట్టండి. కాగితం లైటుని వారానికోసారి మెత్తటి బ్రష్షుతో దులిపితే చాలు, తడిగుడ్డ పెట్టకూడదు. ఏ లైటుకి ఎన్ని ల్యూమెన్లు, ఎన్ని కెల్విన్లు, ఏ హోల్డరు అన్నది ఒక చీటీ మీద రాసి మీటరు బోర్డు తలుపు లోపల అంటించండి. మీరు ఊళ్లో లేనప్పుడు బల్బు మాడిపోతే తెచ్చేవాళ్లు ఆ చీటీ ఫోటో తీసుకుని షాపుకి వెళ్తారు, హాలు మధ్యలో 6500 తెలుపు తెచ్చి పెట్టరు.